అమ్మ బొట్టు పెట్టిన గ్రీకు దేవత

నిన్న జూబ్లీ హిల్స్‌లో కొత్త హోటల్ ముందు తడి ప్లాస్టర్ వాసన రాగానే నాన్న చేతులు గుర్తొచ్చాయి. హైటెక్ సిటీ లేస్తున్న రోజుల్లో ఆయన ఫిల్మ్ నగర్ సెట్లకు గ్రీకు దేవతల బొమ్మలు చేసేవాడు. పాట షూటింగ్ కాగానే పగలగొట్టేవారు. షేక్‌పేట దోస్తులూ, ఆ ముక్కలతోనే తొక్కుడుబిళ్ల గీతలు గీసేవాళ్లం, యాదుందా?

అక్క జ్వరంతో పోయిన కొత్తలో, సెట్‌కు సద్ది తెచ్చిన అమ్మ కంకులు పట్టుకున్న దేవతను చూసింది.

"ఈమె ఎవరు?"

"డిమీటర్, పంటల తల్లి. బిడ్డను పాతాళానికి ఎత్తుకపోతే పొలాలన్నీ ఎండబెట్టింది," అన్నాడు నాన్న.

"బిడ్డ మళ్లొచ్చిందా?"

"ఏడాదికోసారి వస్తది."

అమ్మ బొమ్మకు బొట్టు పెట్టింది. ఇక దానిమీద సుత్తి ఎత్తడానికి ఎవరికీ చేతులు రాలేదు. ఇంటికి తెచ్చి వాకిట్లో నిలబెట్టారు. ఆ ఏడాదంతా అమ్మ తలుపుకు గడియ పెట్టలేదు. నాన్న పెట్టమనలేదు.