మరియమ్మ గేదె తిన్న ప్లేట్లు

2022లో తిరువూరు దాటాక విస్సన్నపేట రోడ్డు మీద ఒక రేకుల షెడ్డులో గడ్డి ప్లేట్లు తయారు చేయడం మొదలుపెట్టాం. నేను చదివింది కెమిస్ట్రీ. వరిగడ్డిని ఉడికించి, గుజ్జు చేసి, వేడి అచ్చులో నొక్కితే ప్లేటు వస్తుంది. అసలు తంటా కోటింగ్‌తో, అంటే చారు కారకుండా వేసే పూతతో. బజార్లో దొరికే ఫ్లోరిన్ రసాయనం పూస్తే నీళ్ళూ నూనే అంటవు గానీ, అది మట్టిలో ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది. అందుకని చింతగింజల పిండితో, తవుడు నూనెలోంచి తీసే మైనంతో పూత కుదిర్చాం. వేడి పప్పుచారుకి అరగంట ఆగేది.

కేటరింగ్ చేసే మూర్తికి అది చాలలేదు.

“తెల్లారినా కారకూడదు మేడమ్.”

“తెల్లార్లూ ఎవరండీ భోంచేసేది? మీ పెళ్ళిళ్ళలో తినేవాడు లేచేదాకా ఆగలేక వెనక కుర్చీ పట్టుకుని నిలబడతారు గదా!”

మూర్తి ఎక్కువగా భోజనాలు పెట్టే ఫంక్షన్ హాలు వెనక మరియమ్మ ఇల్లు. ఒక్క పాడిగేదే ఆమెకు ఆధారం. ఎంగిలి ప్లేట్లు పోగేసి, కుడితిలో నానేసి దానికి పెట్టేది. పెట్టొచ్చని చెప్పింది నేనే.

మాఘమాసంలో ఒక పెళ్ళికి మూర్తి మా ప్లేట్లలో వేరేచోటివి కలిపేశాడు. అదే రంగు, గడ్డి నలకలు కూడా అచ్చేసినవి. పైన మాత్రం కంటికి ఆనని ప్లాస్టిక్ పొర. మరియమ్మ అన్నీ మావేననుకుని తొట్టిలో వేసింది. గేదె నెమరు మానేసింది, కడుపు ఉబ్బిపోయింది. పశువుల డాక్టరు కోసి పొరల ముద్దలు బయటికి తీశాడు. అయినా దక్కలేదు.

ఆ ముద్ద ఒకటి పట్టుకెళ్ళి మూర్తి ముందు పడేశాను.

“అందరూ వాడేవే మేడమ్. ఎకో ఫ్రెండ్లీ అనే రాసుంది. అయినా ప్లేటున్నది మనుషులకా, గొడ్లకా?”

ఒళ్ళు మండిపోయింది. “మనుషులైతే ఆ ప్లాస్టిక్ మీద పొగలు కక్కే అన్నం తినొచ్చా? మీ ఇంటి పెళ్ళికి ఇందులోనే పెడతారా?”

“మా ఇంట్లో అరిటాకులేనండి” అన్నాడు. సిగ్గూ ఎగ్గూ లేదు!

ఆ రోజే అతనికి సరుకు ఆపేశాను. ఇప్పుడు ఎవరి ఆర్డరైనా సరే, వడ్డనకు ముందు మా మనిషి వెళ్ళి కట్టల్లోంచి ప్లేట్లు తీసి చించి చూస్తాడు. గడ్డిదైతే ఇట్టే చిరుగుతుంది, పొర ఉంటే సాగుతుంది. “శుభమా అని పెళ్ళి జరుగుతుంటే ఈ చించుడేంటండీ” అని విసుక్కుంటారు. విసుక్కోనీ. మంచి సరుకు చేసి గుమ్మం దాటిస్తే నా పని అయిపోయిందనుకునేదాన్ని. అది వడ్డన దాకా మంచిదిగానే చేరిందో లేదో చూడటం కూడా నా పనేనని ఒక గేదె చచ్చాక తెలిసింది.

మరియమ్మ నాతో “మీరు చెప్పారనే పెట్టానమ్మా” అంది, అంతే. మొన్న ఇంకో గేదెను తోలుకొచ్చుకుంది. “మీ ప్లేట్లు దీనికి పెట్టమంటారా అమ్మా?” అని అడిగింది.

మా ప్లేట్లు మంచివే. అయినా వద్దు, గడ్డే పెట్టమన్నాను.