మా మిద్దె మీది రేడియో

ఇప్పుడు ఎవరైనా ఫోను తీసి లోకమంతటితో మాట్లాడేయవచ్చు, లైసెన్సు ఏదని అడిగేవాడు లేడు. అది చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది.

మాది కడప దగ్గర మగ్గాల మీద బతికే చిన్న ఊరు. రెండువేల సంవత్సరం దాటాక కొన్నేళ్లు మా మిద్దె మీద ఒక రేడియో కేంద్రం నడిచింది. కేంద్రం అనడం కొంచెం ఎక్కువే. మా అన్న బస్టాండు దగ్గర రేడియోలు, సెల్‌ఫోన్లు బాగుచేసేవాడు. పాత సామాన్లతో ప్రసారం చేసే యంత్రమొకటి తయారుచేసి బిస్కెట్ల డబ్బాలో బిగించాడు. మిద్దె మీద ఇనుప గొట్టం నిలబెట్టి తీగ కట్టాడు. ఊరు దాటి నాలుగు చేల వరకు వినబడేది. రోజూ మధ్యాహ్నం రెండు గంటలు నేను మాట్లాడేదాన్ని. నీళ్ల ట్యాంకరు ఏ వీధికి ఎప్పుడు వస్తుందో, నూలు ధర ఎంత పలుకుతోందో, ఎవరి మేక తప్పిపోయిందో చెప్పి, మధ్యలో పాటలు వేసేదాన్ని. నేసేవాళ్లకు కాళ్లూ చేతులూ ఖాళీ ఉండవు, చెవులే ఖాళీ.

నాకు డిగ్రీ అయిపోయి, సంబంధాలు చూస్తున్న రోజులవి. ఇంట్లో నా మాట ఎవరూ లెక్కచేసేవారు కాదు. రేడియోలో మాత్రం ఊరంతా వినేది. ఆ రెండు గంటలు పోతే నాకంటూ ఇంకేమీ లేదు.

అనుమతి లేదని మాకు తెలుసు. జీపు చప్పుడు వినబడితే అన్న ముఖం పాలిపోయేది. అలాంటిది ఒకరోజు పేపరు పట్టుకుని పరుగున వచ్చాడు. ఊళ్లలో చిన్న రేడియోలు పెట్టుకోవడానికి సర్కారు లైసెన్సులు ఇస్తుందట. "ఇంక దొంగల మాదిరి బతకాల్సిన పన్లేదు పాపా," అన్నాడు. చేనేత సంఘం పేరు మీద దరఖాస్తు తెప్పించాం. అంతా ఇంగ్లీషు. నింపే పని నాది.

అందులో పూర్వానుభవం అని ఒక గడి ఉంది. అక్కడ నా పెన్ను ఆగింది.

"యాల ఆపినావు? మూడేండ్ల నుంచి చేస్తాండాం గదా. రాయి," అన్నాడు అన్న.

నాకూ అది గొప్పగానే తోచింది. ఏ వేళకు ఏం చెబుతామో, ఎంత దూరం వినబడుతుందో దాపరికం లేకుండా ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాను. మాట్లాడేది ఎవరని మాత్రం అందులో అడగలేదు. అన్న యంత్రం బొమ్మ గీసి జతచేశాడు. వినేవాళ్ల సంతకాలు, వేలిముద్రలు పెట్టించాం. సర్కారువాళ్లు వెతుక్కోకుండా రావాలని, పాలకేంద్రం పక్కన ఆకుపచ్చ తలుపు అని ఇంటి గుర్తు కూడా రాశాం. ఇంత అమాయకత్వం ఇంకెక్కడైనా ఉంటుందా?

జవాబు రాలేదు, జీపు వచ్చింది. ఇద్దరు అధికారులు, ఒక కానిస్టేబులు. పెద్దాయన చేతిలో నా దరఖాస్తు ఉంది.

"పర్మిషన్ లేకుండా నడుపుతున్నామని మీరే రాసిచ్చారు కదయ్యా," అని నవ్వాడు.

ఆ నవ్వు నేను ఇంతవరకు క్షమించలేదు. లైసెన్సు అడిగినవాణ్ణే పట్టుకుంటే, దాక్కున్నవాడే తెలివైనవాడని సర్కారే చెప్పినట్టు కాదా? పెద్ద ఊళ్లలో డబ్బున్న కంపెనీలు స్టేషన్లు పెట్టుకుని పొద్దస్తమానం సబ్బుల గురించి అరవవచ్చు. మేం ట్యాంకరు వేళలు చెబితే విమానాలు దారి తప్పుతాయట. ఆయన నిజంగానే ఆ మాట అన్నాడు. మా ఊరి మీద విమానం పోగా నేనెప్పుడూ చూడలేదు.

"మరి మా దరఖాస్తు సంగతేంది సార్?" అని అడిగాడు అన్న.

"కేసున్నవాళ్లకు లైసెన్సెవరిస్తారు?"

తీగ పీకి, డబ్బా కిందికి దించారు. తర్వాత ఆయన ఒక చిన్న టేపురికార్డరు తీసి నొక్కాడు. ముందురోజు మా ప్రసారాన్ని పట్టుకున్నారట. పైవీధికి నాలుగింటికి ట్యాంకరు వస్తుందని నా గొంతు చెబుతోంది.

"ఎవరీ అమ్మాయి?"

అన్న నా వైపు చూడలేదు. "తెలీదు సార్. ఎవరో క్యాసెట్టు ఇచ్చినారు, ఏసినా."

పెళ్లి కావలసిన పిల్ల పేరు కేసులోకి ఎక్కకూడదని వాడి తాపత్రయం. అమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆయన నమ్మలేదు. నా వైపు తిరిగాడు.

"నీకు తెలుసా అమ్మా?"

నాదే అనాలని గొంతు దాకా వచ్చింది. నోరు తెరిస్తే పోల్చుకుంటాడు. తల అడ్డంగా ఊపాను. అన్న మీద, అమ్మ మీద, ఆయన మీద వచ్చిన కోపమంతా కలిపినా, ఆ తల ఊపినందుకు నా మీద నాకున్న కోపానికి సరిపోదు.

పంచనామాలో 'గుర్తు తెలియని స్త్రీ గొంతు' అని రాసి, ఇంటి యజమాని సంతకం చేయాలన్నారు. రోజూ మగ్గం దగ్గర నన్ను వింటూ నేసిన మా నాన్న, చదివించుకుని, దాని కింద సంతకం పెట్టాడు.