గేదెకు కట్టిన పరదా

నాకు నోరెక్కువ. మా ఊళ్లో ఎవరినడిగినా ముందు ఆ మాటే చెబుతారు. ఉపాధి పనిలో నేను మేటుని. ముప్పై మంది ఆడవాళ్లను పంట కాలువలో పూడిక తీయడానికి తీసుకెళ్లి, ఫోన్లో ఫొటో తీసి హాజరు వేయడం నా పని. పొద్దున ఆరింటికి ఒక ఫొటో, పదిన్నరకు ఇంకొకటి. రెండోది పడకపోతే ఆ రోజు పనికి రానట్టే. అందుకే పని తొమ్మిదింటికి అయిపోయినా, అందరూ కట్ట మీద కూర్చుని ఆ ఫొటో కోసం కాచుకునేవాళ్లు.

ఒకప్పుడు పదిన్నర ఎండ మాకు లెక్కే కాదు. గురజాల వైపు రాళ్ల నేల మీద పుట్టినవాళ్లం, ఎండ మాకు కొత్తా? శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందనేవాళ్లు. ఇప్పుడు శివరాత్రికే గొడుగు పట్టాల్సి వస్తోంది. ఇక ఏప్రిల్లో గడ్డపార ముట్టుకుంటే చేయి చురుక్కుమంటుంది.

ఆ ఏడు పనివాళ్ల నీడకని ఆఫీసులో పెద్ద ఆకుపచ్చ పరదా ఒకటి ఇస్తే, సంతకం పెట్టి తెచ్చుకున్నాను. సరిగ్గా ఆ వారమే మా గేదె ఈనింది. దాని కొట్టం రేకులది, లోపల నిప్పుల గుండం. నాలుగు రోజులేగా అని పరదాను పెరట్లో గేదెకూ దూడకూ కట్టాను. నాలుగు రోజులు కాస్తా నెలయింది. నోరులేని జీవం కదా, మనుషులైతే ఏ చెట్టు కిందికో పోతారని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కాలువ కట్ట మీద చెట్టన్నదే లేదు.

పరదా సంగతి అడిగింది పిన్ని ఒక్కతే. చుట్టరికం లేదు, వరస కలిపి పిలుస్తాను. అరవై దాటిన మనిషి, ఊరి ఆ చివర ఉంటుంది.

“ఏమే, నీడకేందో పరదాలు ఇస్తన్నారంట గదా, మనకియ్యలా?”

“ఇస్తే నేనేమన్నా కట్టుకుని తిరుగుతానా పిన్నీ? రాలేదు,” అని కసిరాను.

ఆమె కొంగు తడుపుకుని నెత్తిన వేసుకుంది.

మర్నాడు రెండో ఫొటోకి అందరూ లేచారు, పిన్ని లేవలేదు. “ఫొటోకి గూడా బొట్టు పెట్టి పిలవాలా?” అని అరిచాను. ఆమె నా వంక చూసి, ఎప్పుడో పోయిన వాళ్లమ్మని పిలిచింది. చేయి పట్టుకుంటే పెనంలా కాలుతోంది, చెమట చుక్క లేదు. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

“నీడకు ఎత్తుకపోదాం, పట్టండే!” అన్నారెవరో. దగ్గర్లో ఉన్న ఇల్లు మాదే, అందులో చల్లగా ఉన్న చోటు ఒక్కటే. నేనే ముందు పరుగెత్తి, గేదెను విప్పి ఎండలోకి తోలాను. వెనకే నలుగురు పిన్నిని మోసుకొచ్చి, గేదె తొక్కిన గడ్డి మీదే పడుకోబెట్టారు. అప్పుడు తలెత్తి చూశారు. పరదా ఎవరికోసమో దాని మీదే పెద్ద పెద్ద అక్షరాలతో రాసుంది. నన్ను తిట్టే తీరిక ఎవరికీ లేదు. కుడితి తొట్టి పక్కన ఉన్న బిందెల నీళ్లన్నీ ఆమె ఒంటి మీద పోశాం, తడిగుడ్డలు కప్పాం, చాటలతో విసిరాం. అంబులెన్స్‌కి ఫోన్ చేశాను. ఈ మనిషి పోతే చంపింది నేనే. ఆ అరగంటలో నేను మొక్కని దేవుడు లేడు.

అంబులెన్స్ వాకిట్లో ఆగేసరికి ఆమె కళ్లు తెరిచి నీళ్లడిగింది. నేను భోరుమన్నాను. ఆసుపత్రిలో సెలైన్ ఎక్కించి, సాయంత్రానికి ఇక భయం లేదన్నారు. వెంటనే నీడకు చేర్చి తడపబట్టి బతికిందట. వరండాలో బెంచీ మీద కూలబడ్డాను. అంత హాయి నా పెళ్లినాడు కూడా ఎరగను.

పది రోజులకు ఆమె మళ్లీ పనికొచ్చింది. అప్పటికి గేదెకు తాటాకు పందిరి వేయించి, పరదాను కట్ట మీద నాలుగు గుంజలకు కట్టించాను. “దా పిన్నీ, కూర్చో. నీకోసమే కట్టించా,” అన్నాను, నా గొంతు నాకే ముద్దొచ్చేలా.

“నాకోసమా?” ఆమె చేతిలో నీళ్ల సీసా కింద పెట్టింది. “ఆరోజు ఎత్తుకపోయి బతికించావు చూడు, అదీ నాకోసం చేసింది. చచ్చిందాకా మర్చిపోను. ఇది మాత్రం మాదేనే. మాది మాకిచ్చి దానం చేసినట్టు చెప్పమాక.”

ఇంత నోరున్న దాన్ని, వెళ్లి గుంజకు కట్టిన తాడు బిగించాను. నన్ను కడిగేయడానికి ఆమె మిగిలింది, అంతే చాలనిపించింది. ఆమె అన్నదాంట్లో అబద్ధమూ లేదు.

పదిన్నరకు ఫొటో తీశాక తాళ్లు విప్పింది ఆమే. పరదా తీసుకుందామని చేయి చాచాను. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి చంకన పెట్టుకుంది.

“ఇది మా ఇంట్లో ఉంటదిలే,” అంటూ నడిచింది. ఇరవై తొమ్మిది మందీ ఆమె వెనకే వెళ్లారు.