బాత్రూంలో తడి ఎవరిది

అమ్మకు మోకాళ్ళు వంగవని, చోడవరంలో ఇల్లు కట్టినప్పుడు ఆమె గదిని ఆనుకుని వెస్ట్రన్ సీటు పెట్టించాను. అమ్మ కోసమేనని పదిమందికీ చెప్పుకున్నాను కూడా. ఏడాది తిరక్కుండానే ఆ సీటు చుట్టూ నేల తడిగా ఉండటం మొదలైంది. వాసన కూడా వేసేది. డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి వాడే బాత్రూంలో ఆ రకం తడి కనిపిస్తే ఎవరికైనా ఏం తోస్తుందో నాకూ అదే తోచింది. పైపుల వైపు కన్నెత్తి చూడలేదు.

మొదట నెమ్మదిగానే అన్నాను. "కాస్త సూసుకుని కూసోమ్మా."

"నేను కాదు బాబూ. నాకు తెలీదేటి?" అంది.

నాలుగోసారో అయిదోసారో పనిమనిషి ఎదుటే అరిచాను. అది తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. ఆ తర్వాత అమ్మ వాదించలేదు. పాత చీరముక్క ఒకటి లోపలికి పట్టుకెళ్ళి, గోడ పట్టుకుని వంగి తుడిచి వచ్చేది. మధ్యాహ్నం దాటితే మంచినీళ్ళు ముట్టేది కాదు. పోనీలే, జాగ్రత్త నేర్చుకుందనుకున్నాను.

ఈలోగా గోవాడలో పిన్నికి ఒంట్లో బాగోలేదని కబురొస్తే అమ్మ అక్కడికి వెళ్ళి వారం రోజులు ఉంది. మూడోరోజు పొద్దున్న ఆ బాత్రూం నేను వాడాల్సి వచ్చింది. మీట నొక్కాక చూస్తే సీటు చుట్టూ నేల తడిగా ఉంది. అమ్మ లేకపోతే గానీ నాకు ప్లంబర్ గుర్తు రాలేదు.

అతను ఫ్లష్ ట్యాంకులో నీలిమందు కలిపి, నేల తుడిచి, మీట నొక్కాడు. సీటు అడుగునుంచి నీలంగా నీళ్ళు ఊరాయి. చుట్టూ ఉన్న సిమెంటు కొట్టి సీటు పైకెత్తితే, సీటు గొట్టం ఒకచోట, నేలలో పైపు మరోచోట ఉన్నాయి. మధ్యలో గోనెముక్కలు కూరి సిమెంటు మెత్తి ఉంది. ఆ సందులోంచే మురుగు కారుతోంది.

"పైపు ఇటుంటే సీటు అటు తిప్పమని ఎవలు సెప్పేరు సార్?" అన్నాడు.

నేనే. కూర్చున్న మనిషి తూర్పు చూడకూడదని వాస్తు సిద్ధాంతి చెప్పాడు. అప్పటికే పైపు వేసేశామని, తిప్పితే కలవదని మేస్త్రి మొత్తుకున్నాడు. అయినా నేనే పట్టుబట్టాను. తిలాపాపం తలా పిడికెడు అంటారు గానీ, ఇందులో ఇంకొకరికి పంచడానికి ఏముంది?

ప్లంబర్ సీటును పైపుకి సరిగ్గా తిప్పి, రబ్బరు రింగు వేసి బిగించాడు. రెండు రోజులు ఆరనిచ్చి చూశాం. చుక్క కారలేదు. ఇప్పుడా సీటు తూర్పు చూస్తోంది. దానివల్ల ఏ అరిష్టమూ రాలేదు. రావలసింది ముందే వచ్చింది.

అమ్మ తిరిగొచ్చాక ఎదురుగా కూర్చుని చెప్పాను. "పైపు కారిందమ్మా. నీ తప్పేం లేదు. నాదే."

అమ్మ కోప్పడుతుందేమోనని చూశాను. కోప్పడినా బాగుండేది.

"పిన్ని మంచం ఏసిందిరా, పడుకోమని. నేను కిందే పడుకున్నాను వారం రోజులూ. ఆళ్ళ పరుపు తడిపేస్తానేమోనని. నువ్వన్ని సార్లు అంటే, నిజమేననుకున్నాను బాబూ" అంది.