తల ఉత్తరానికే పెట్టాను

దయ్యాల మాటెత్తితే నవ్వేదాన్ని. అమ్మ దిష్టి తీస్తుంటే ఫోన్ చూసుకుంటూ కూర్చునే రకం నేను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. ఇంకో కారణం కూడా ఉంది. ఇది చెప్పాలంటే స్వరూపను మెచ్చుకోవాల్సి వస్తుంది. అది నాకు ఇష్టం లేదు.

మాది జనగామలో చిన్న ఆఫీసు. ఉపగ్రహాలు కక్ష్యలో సరిగ్గా ఎక్కడున్నాయో తేల్చాలంటే నేల మీది యాంటెన్నాలు వాటి సిగ్నల్ పట్టాలి. అయితే సిగ్నల్‌ను పట్టే చోటు యాంటెన్నాకు సరిగ్గా నడిమధ్యన ఉండదు, వెంట్రుకవాసి పక్కకు ఉంటుంది. ఆ తేడా ఎటువైపు, ఎంత అన్నది ముందే కొలిచి పెట్టడం మా పని. ప్రతి యాంటెన్నా అంచున ఒక గుర్తు ఉంటుంది. అది ఉత్తరానికి తిరిగి ఉండాలి. ఆ గుర్తును మేం తల అంటాం.

నేను తొర్రూరు దాన్ని, స్వరూప చెల్పూర్ పిల్ల. ఇద్దరం ఒకేసారి చేరాం. ఆమె కొలతలు కడిగిన ముత్యాల్లా వచ్చేవి. నావి మాత్రం ఇంకోసారి చూడమనేవాళ్లు. "ఆ పిల్ల చెయ్యి మంచిది" అనేవాడు మా సారు. ఆ మాట వింటే నాకు ఒళ్లు మండేది.

భూపాలపల్లిలో కొత్త స్టేషన్ పెడుతున్నారు, దానికి ఇన్‌చార్జి ఒక్కరే. ఆ కుర్చీ నాకు కావాలి. కాటారంలో ఒక అవ్వ ఇంటి డాబా మీద ఆకాశం అడ్డు లేకుండా కనిపిస్తుందని అద్దెకు తీసుకున్నారు. అక్కడ ఇద్దరం ఒకే యాంటెన్నాను విడివిడిగా కొలవాలి, ఎవరిది బాగుంటే వాళ్లకే భూపాలపల్లి అన్నాడు సారు.

ముందు నాది. దిక్సూచితో చూసి తల ఉత్తరానికి పెట్టాను. ఫొటో కూడా తీశాను. సాయంత్రం లెక్క చూస్తే, ఉత్తరం వైపు రావాల్సిన తేడా దక్షిణం వైపు వచ్చింది. అంటే పగలంతా తల దక్షిణానికి ఉన్నట్టు. పైకెళ్లి చూస్తే ఉత్తరానికే ఉంది.

మర్నాడు స్వరూప పెట్టింది. సరిగ్గా వచ్చింది.

"తల ఉల్టా పెట్టినవేమోనే, జర చూసుకోవద్దా?" అంది.

స్వరూపే తలను తిప్పి, మళ్లీ సరిచేసి ఉంటుందని నాకు అనుమానం. సారును బతిమాలుకుని మళ్లీ మొదలుపెట్టాను. ఈసారి కింద తలుపుకు గడియ వేసి, పైన మెట్ల గుమ్మంలోనే కూర్చుని కాపలా కాశాను. పట్టపగలు. యాంటెన్నా మీద కాకి కూడా వాలలేదు. అయినా లెక్క మళ్లీ దక్షిణానికే వచ్చింది.

చాయ్ ఇస్తూ అవ్వ అడిగింది, "ఏంది బిడ్డా, మొకం గట్ల పెట్టినవ్?"

తల ఉత్తరానికి పెడితే దక్షిణానికి పోతోందని చెప్పాను. అవ్వ నవ్వలేదు.

"ఉత్తరం దిక్కు తలకాయ పెడ్తె ఎట్ల? మా ముసలాయిన గా డాబా మీదనే మంచమేసుకొని పండెటోడు. ఎవలన్న ఉత్తరం తల పెట్టి పంటె లేపి మంచం దక్షిణం దిక్కు మర్లేసెటోడు. గాడనే పానం పోయింది."

నాకు భయం వేయలేదు, కోపం వచ్చింది. "మరి స్వరూపది ఎందుకు మర్లేయలే?" అని అడిగాను.

"గది నాకేమెరుక" అంది అవ్వ.

స్వరూప ఏమైనా మొక్కుకుందేమోనని ఆరా తీశాను. ఆమెకు ఆ ముసలాయన సంగతే తెలియదు. సారు ఇంకొక్కసారికి ఒప్పుకున్నాడు. ఆ ఆఖరిసారి తల పెట్టేటప్పుడు, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, "తాతా, గీ ఒక్కపారి ఓర్చుకో" అన్నాను. ఇంత చదివి ఇదేం పనని నాకే సిగ్గేసింది. దక్షిణమే వచ్చింది.

అదే యాంటెన్నాను జనగామ తెచ్చి ఆఫీసు మీద నేనే కొలిస్తే ఉత్తరమే వచ్చింది. కేబుల్ మార్చి చూశారు, లెక్కలు మళ్లీ కట్టారు. సారు కూడా కారణం చెప్పలేకపోయాడు. భూపాలపల్లికి స్వరూప పోయింది.

ఏం జరిగిందో నాకు ఇప్పటికీ తెలియదు. దయ్యాలున్నాయని ఇప్పుడూ ఒప్పుకోను. కానీ ఆ డాబా మీద నిజంగా ఎవరైనా ఉంటే, ఆయన కూడా స్వరూప వైపే. నాకు నిద్ర పట్టనిది దానికే.