ఏడ్చినవాళ్ళకే ఫోను

మనుషుల మనసు గురించి నాకు అన్నీ తెలుసని గట్టిగా నమ్మిన రోజులు కొన్ని ఉన్నాయి. అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు (ఆ వయసులో తెలియనిది ఏముంటుంది కనుక!). సెల్‌ఫోన్లు ఇంకా డబ్బున్నవాళ్ళ జేబుల్లోనే ఉన్న కాలం. సైకాలజీ ఎం.ఏ. ఫస్టు క్లాసులో పాసై, పామర్రు నుంచి ఒక సూట్‌కేసుతో బెజవాడ వచ్చి, బెంజి సర్కిల్‌కి దగ్గర్లో ఒక ఆడపిల్లల రెసిడెన్షియల్ కాలేజీలో కౌన్సెలర్‌గా చేరాను. బయలుదేరేటప్పుడు నాన్న "అమ్మను వదిలి పది రోజులుండలేవు, చూస్తా ఉండు" అని నవ్వారు. నాకు రోషం పొడుచుకొచ్చింది. "మూడు నెలల దాకా ఇంటికి రాను సరికదా, ఫోను కూడా చెయ్యను" అని గుమ్మంలో నిలబడి శపథం చేశాను. అమ్మ "అవేం మాటలే" అంటున్నా వినకుండా బస్సెక్కాను. ఉయ్యూరు దాటకముందే ఏడుపొచ్చింది. పక్క సీటావిడ "కొత్తగా అత్తారింటికి వెళ్తన్నావా అమ్మా?" అని జాలిగా అడిగి, ఒక అరటిపండు ఇచ్చింది.

చేరగానే ప్రిన్సిపాల్ గారు నా పనేమిటో చెప్పారు. "పిల్లలు ఇంటి మీద బెంగతో ఏడుస్తున్నారండీ. ఏడిస్తే చదవరు, చదవకపోతే ర్యాంకులు రావు. ఆ ఏడుపు మాన్పించండి, చాలు." పిల్లలు వాడుకునే ఫోను హాస్టలు మొత్తానికీ ఒకటే. అది నా గదిలో, తాళం వేసిన చెక్కపెట్టెలో ఉండేది. నేను పుస్తకాలన్నీ తిరగేసి, దుఃఖాన్ని అణిచిపెట్టకూడదని తేల్చి, నోటీసు బోర్డు మీద రాసిపెట్టాను: బెంగతో ఏడుపొచ్చినవాళ్ళు సాయంత్రం నా గదికి వస్తే, రెండు నిమిషాలు ఇంటికి ఫోను చేసుకోవచ్చు. మొదటిరోజు ముగ్గురొచ్చారు. వారం తిరిగేసరికి వరస మెట్ల దాకా పాకింది. అందరూ ముక్కులు ఎగబీలుస్తూ, కళ్ళు తుడుచుకుంటూ! నా చదువు ఇంతమంది గుండెల్ని తట్టిందని మురిసిపోయాను. గదిలో నొప్పుల బామ్ వాసన ఎందుకంత ఘాటుగా ఉందో మాత్రం అర్థం కాలేదు. (కళ్ళ కింద రాసుకొచ్చేవాళ్ళట. ఒకే సీసా గది నుంచి గదికి తిరిగేదట.) చివరికి ప్రిన్సిపాల్ గారు పిలిపించి, "ఏమండీ మేడం గారూ, మిమ్మల్ని ఏడుపు మాన్పించడానికి పెట్టుకున్నామా, నేర్పడానికి పెట్టుకున్నామా?" అని అడిగారు. నాకు తల కొట్టేసినట్టయింది.

మర్నాడే నోటీసు మార్చేశాను. ఈసారి వారమంతా ఏడవనివాళ్ళకే శనివారం ఫోను. దాంతో ఎక్కడ చూసినా ఇకిలింపులే. పరీక్షలో సున్నా వచ్చిన పిల్ల కూడా నన్ను చూడగానే పళ్ళు బయటపెట్టేది. నిజం చెప్పొద్దూ, ఆ హాస్టల్లో క్రమం తప్పకుండా రోజూ ఏడుస్తున్నది నేనొక్కదాన్నే. బాత్‌రూంలో కుళాయి తిప్పి, బకెట్టు నిండేదాకా ఏడ్చి, మొహం కడుక్కొని, పౌడరు అద్దుకొని, భావోద్వేగాలను అదుపులో పెట్టుకోవడం ఎలాగో క్లాసు చెప్పడానికి వెళ్ళేదాన్ని. ఇంట్లోవాళ్ళ గొంతు వినాలని ప్రాణం కొట్టుకుపోయేది. ఫోను పెట్టె నా బల్ల మీదే ఉంది, తాళంచెవి నా దగ్గరే ఉంది. నాన్న ముందు ఓడిపోవడం మాత్రం నావల్ల కాలేదు.

ఆ శనివారం మైలవరం నుంచి వచ్చిన ఒక రెండు జడల పిల్ల, తన వంతు మాట్లాడేసి కూడా కదలకుండా నిలబడింది.

"మేడం, మీరెప్పుడూ మీ ఇంటికి చెయ్యరేంటండీ? మీరూ వారమంతా ఏడవలేదుగా. రూలు ప్రకారం మీకూ ఉంది."

ఎందుకో ఆ పిల్ల ముందు అబద్ధం నోటికి రాలేదు. "నేను రోజూ ఏడ్చానే" అన్నాను.

ఆ పిల్ల ఒక్క క్షణం ఆలోచించింది. "అయితే పాత రూలు ప్రకారం చేసుకోండి" అని, తలుపు దగ్గరగా వేసి వెళ్ళిపోయింది.

అమ్మ ఎత్తుతుందనుకున్నాను, నాన్న ఎత్తారు. "హలో, ఎవరండీ?" అన్నారు. నేను రిసీవరు ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాను. "ఏమ్మా, నువ్వేనా?" అన్నారు. "ఏం లేదు నాన్నా, మా ఫోను పనిచేస్తుందో లేదో చూద్దామని చేశా" అన్నాను. "మాదీ పనిచేస్తందమ్మా. రోజూ ఎత్తి చూస్తానే ఉన్నా" అన్నారు నాన్న. ఆ తర్వాత ఇద్దరం వానల గురించి ఏదో మాట్లాడి పెట్టేశాం.

మర్నాడు ఆదివారం, పిల్లల్ని చూడటానికి ఇంటివాళ్ళు వచ్చే రోజు. గేటు దగ్గర క్యారియర్లు పట్టుకున్న తండ్రుల వరసలో మా నాన్న! ఇస్త్రీ పంచె, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. వాచ్‌మన్ "పాప పేరేంటండీ, ఏ సెక్షను?" అని అడుగుతుంటే, "సెక్షను లేదు బాబూ, పాఠాలు చెప్పుద్ది" అంటున్నారు. పైన వరండాలో పిల్లలు గొల్లున నవ్వారు. సిగ్గుతో చచ్చినంత పనయింది. పరుగెత్తుకెళ్ళి, "నాన్నా, ఇక్కడ నేను మేడంని. అందరూ చూస్తున్నారు" అన్నాను గొంతు తగ్గించి. "అవునవును. నాక్కూడా ఇక్కడ టౌన్లో పనుందిలే. గోంగూర గిన్నె జాగ్రత్త, నూనె కారుద్ది" అని క్యారియరు నా చేతిలో పెట్టి, బస్టాండు వైపు నడిచారు. బెజవాడలో ఆయనకు ఏ పనీ లేదని నాకు తెలుసు.

గదిలో తలుపేసుకొని మూత తీశాను. అమ్మ ఇద్దరికి సరిపడా అన్నం పెట్టింది.

ఇప్పుడు నాన్న లేరు. మనుషుల మనసు చదవగలనని మెడలో ఐడీ కార్డు వేసుకొని తిరిగిన ఆ ఇరవై రెండేళ్ళ మేడం గారు గుర్తొస్తే నవ్వొస్తుంది. ఆ ఆదివారం ఒక్కటి మళ్ళీ దొరికితే బాగుండును. వరండాలో పిల్లలు ఎంత నవ్వితే అంత నవ్వనీ, గేటు పక్కన అరుగు మీద కూర్చుని, నాన్నా నేనూ ఆ గోంగూరన్నం తినేవాళ్ళం.