ఈనిడ్ మొహం కుదిరిన రోజు

ఇంగ్లండులోని సాల్ఫర్డ్‌లో ఉండే ఈనిడ్ హార్‌గ్రీవ్స్ ఏడేళ్లుగా టీవీలో సర్వనాశనమైపోతోంది. ఒక వారం ఇంటి తలుపే ఆవిణ్ణి గుర్తుపట్టనని మొరాయించి వానలో నిలబెట్టింది. మరో వారం ఆవిడ కలల్ని సబ్బులవాళ్లు టోకున కొనేశారు. యంత్రాలు మనుషుల్ని పీల్చి పిప్పి చేస్తాయని దేశాన్ని హడలగొట్టే సీరియల్ అది. అందులో పిప్పి పాత్ర ఈనిడ్‌ది. డైలాగులుండవు. వెనక గుంపులో నిలబడే నలభై మందిలో ఆవిడొకత్తె.

ఆ నిలబడటం కూడా సరిగ్గా చేతకాదని డైరెక్టర్ క్రిస్పిన్ ఏడుపు. "మీ పక్కన మనిషే లేనట్టు నిలబడాలమ్మా. మీరేమో పెళ్లి భోజనానికొచ్చినట్టున్నారు" అని ప్రతి షూటింగుకీ విసుక్కునేవాడు.

ఆవిడ మాత్రం ఏం చేస్తుంది? మొగుడు ఆల్ఫ్ పోయాక ఇంట్లో నోరు విప్పేది టీ కెటిల్ ఒక్కటే. ఇక్కడికొస్తే ముప్పై తొమ్మిది మంది. పైగా భోజనాల బస్సు. పాత డబుల్ డెక్కర్‌లో బల్లలేసి భోజనశాల చేశారు. మేడమీద కిటికీ పక్క సీటు ఈనిడ్‌ది, ఎదుటిది డెస్మండ్ టాటర్సల్‌ది. ఆయన రిటైరైన పోస్ట్‌మ్యాన్. కప్పులో పాలు ముందు పోయాలని ఈవిడ, టీ ముందు పోయాలని ఆయన, ఏడేళ్లుగా పోట్లాడుకుంటున్నారు. డబ్బుల కోసం కాదు, ఆ పోట్లాట కోసమే ఈనిడ్ పొద్దున్నే రెండు బస్సులు మారి వచ్చేది.

ఓ సోమవారం అసిస్టెంట్ గారెత్ కాగితాల కట్ట పట్టుకొచ్చాడు. అందర్నీ యంత్రంతో ఒక్కసారి స్కాన్ చేస్తారట. ఆపైన గుంపు కావాల్సినప్పుడల్లా కంప్యూటరే వాళ్లని పుట్టిస్తుందట. మీరిక చలిలో నిలబడే పనే ఉండదని వరమిచ్చినట్టు చెప్పాడు. ఇష్టం లేనివాళ్లకి గేటు ఎటుందో కూడా చూపించాడు.

చూశారా ఈ చోద్యం! యంత్రాలు మనుషుల్ని మింగేస్తాయని ఏడేళ్లు నెత్తీనోరూ బాదుకున్న సీరియల్, తన మనుషుల్ని తానే మింగడానికి విస్తరేసుకు కూచుంది. సిగ్గూ లేదు, శరమూ లేదు. స్కానైతే ఇక పిలుపుండదు, బస్సుండదు, డెస్మండుండడు. ఈనిడ్‌కి అదంతా తెలుసు. అయినా సంతకం పెట్టింది. వెనక క్యూ కనిపిస్తే చాలు, ఈ దేశపు జనం దేనికైనా సంతకం పెడతారు.

డెస్మండ్ ఒక్క దెబ్బలో ముగించుకొచ్చాడు. ముప్పై ఏళ్లు ఇంటింటి కుక్కల ముందు రెప్ప వాల్చకుండా నిలబడ్డ మనిషి మరి. తర్వాత ఈనిడ్. గుడారంలో నిలబెట్టి, మొహం కదపొద్దన్నారు. కెమెరా ఉన్న ఇనప చెయ్యి ఆవిడ చుట్టూ గిర్రున తిరుగుతూ చెవి దగ్గరికొచ్చింది.

"సారీ నాన్నా" అంటూ ఈనిడ్ పక్కకి జరిగి దానికి దారిచ్చింది.

అది యంత్రమమ్మా అన్నాడు గారెత్. ఈనిడ్ అతనికీ సారీ చెప్పింది. మళ్లీ మొదలెట్టారు. మళ్లీ సారీ. పెదవులు బిగబట్టింది, బిగబట్టిన పెదవులు పనికిరావన్నారు. ఊపిరి బిగబట్టింది, ఊపిరితోపాటే సారీ తన్నుకొచ్చింది. తిరుగుబాటూ కాదు, పాడూ కాదు. తనవల్ల క్యూ ఆగిపోయిందని తెలిస్తే ఆవిడ ప్రాణం గిలగిల్లాడుతుంది. తన పొట్ట తానే కొట్టుకోవడానికి పాపం చెమటలు కక్కింది. పుట్టిందగ్గర్నుంచీ ఎవరు తోసినా తనే సారీ చెప్పిన ప్రాణం, చెవి దగ్గరికొచ్చిందానికి చెప్పకుండా ఉంటుందా?

పదకొండోసారికి యంత్రం నడిపేవాడు చేతులెత్తేశాడు. "ఈవిణ్ణి మనిషిగానే పిలుచుకోండి" అన్నాడు.

బస్సు మేడమీదికెళ్లి జరిగింది చెబితే డెస్మండ్ టీ ఒలికిపోయేదాకా నవ్వాడు. గెలిచావు పో అన్నాడు. ఒలికిన టీని రుమాలుతో తుడిచాడు.

"ఇక పాలు ముందే పోసుకో. అడ్డు చెప్పేవాడుండడు" అన్నాడు.

మూడు వారాలకి పిలుపొచ్చింది. మంచి కోటు తొడుక్కుని, డెస్మండ్‌కి ఇష్టమైన అల్లం బిస్కెట్లు అలవాటుగా సంచీలో పడేసుకుని, తెల్లారకముందే బయల్దేరింది. పాత రైల్వే ప్లాట్‌ఫారం మీద మనిషికొకటి చొప్పున ముప్పై తొమ్మిది కర్రలు నిలబెట్టి, ఒక్కోదాని నెత్తిన పసుపుపచ్చ టెన్నిస్ బంతి పెట్టారు. గుంపును తర్వాత కంప్యూటర్‌లో అతికిస్తారట. తన చోటికెళ్తూ ఈనిడ్ ఒక కర్రకి భుజం తగిలించుకుంది. సారీ నాన్నా అంది. ఎవరూ నవ్వలేదు. మధ్యాహ్నం మేడమీద ఒక్కతే కూచుని మాంసం కూరిన రొట్టె తింది. పాలు ముందు పోసుకుంది. సగం కప్పు అలాగే వదిలేసి దిగింది.

భోజనాలయ్యాక కెమెరా తిరిగింది. డెస్మండ్ నిలబడే చోట ఉన్న బంతివైపు ఈనిడ్ ఒకసారి చూసి, చూపు దించుకుంది.

క్రిస్పిన్ కుర్చీలోంచి లేచి పరుగున వచ్చాడు. ఏడేళ్లలో మొదటిసారి ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

"ఇదమ్మా మొహమంటే! ఇన్నాళ్లూ నేను అడుగుతున్నది ఇదే. ఎక్కడ దాచారు?"

"సారీ నాన్నా" అంది ఈనిడ్.